స్పడైనా వీధిలో నియాన్ చెట్టు

టొరంటో యూనియన్ స్టేషన్‌లో 510 నంబరు స్ట్రీట్‌కార్ ఎక్కితే అది ముందు నేల కిందినుంచి సరస్సు వైపు వెళ్లి, క్వీన్స్ కీ వీధిలో వెలుతురులోకి వస్తుంది. అక్కడ ఒంటారియో సరస్సు ఒడ్డునే హార్బర్ కాజిల్ హోటల్ ఉంది. బండి కొంతదూరం నీళ్ల వెంబడి పడమరకు పోయి, స్పడైనా వీధిలోకి తిరిగి ఉత్తరానికి మళ్లుతుంది. కుడిచేతి వైపు సీఎన్ టవర్, దాన్ని ఆనుకుని కప్పు మూసుకుని తెరుచుకునే రోజర్స్ సెంటర్ స్టేడియం కనిపిస్తాయి. క్వీన్ వీధి కూడలిలో దిగి నాలుగడుగులు తూర్పుకు వేస్తే 1947 నుంచి నడుస్తున్న హార్స్‌షూ టావర్న్ వస్తుంది. మళ్లీ బండెక్కితే చైనాటౌన్. ఒకప్పుడు ఇది యూదు దర్జీలు పనిచేసిన బట్టల కార్ఖానాల పేట. పాత చైనాటౌన్ ఉన్నచోట 1960లలో కొత్త సిటీ హాలు కట్టడంతో చైనీయులు ఇటు జరిగారు. ఇప్పుడు ఫుట్‌పాత్ మీద పళ్ల బుట్టలు, వాటి పైన చైనా అక్షరాల బోర్డులు. కాలేజ్ వీధి కూడలికి కాస్త ముందు, ఎడమచేతి వైపు, 464 నంబరు భవనం నెత్తిన పచ్చటి ఆకులతో నియాన్ దీపాల తాటిచెట్టు ఒకటి నిలబడి ఉంటుంది. నెలల తరబడి మంచులో ఉండే ఊళ్లో తాటిచెట్టు. దాని కింద ఉన్న క్లబ్ పేరు ఎల్ మొకాంబో.

మొత్తం ప్రయాణం ఎంతో సేపు కాదు. మిస్సిసాగా, బ్రాంప్టన్‌లలో స్థిరపడిన మనవాళ్లు ఊరినుంచి అమ్మానాన్నలు వచ్చినప్పుడు నయాగరా తీసుకెళతారు, సీఎన్ టవర్ ఎక్కిస్తారు. ఈ వీధి దాకా రావడం తక్కువ. రావలసిన పని ఉందని నేనంటాను. ఒక హోటల్, ఒక స్టేడియం, రెండు చిన్న క్లబ్‌లు. రాక్ సంగీతం ఎక్కడ బతుకుతుంది అన్న ప్రశ్నకు కావలసిన సాక్ష్యాలన్నీ ఈ ఒక్క ట్రామ్ దారి మీదే దొరుకుతాయి.

1977 మార్చి 4, శుక్రవారం. ఆ రాత్రికి, మర్నాటి రాత్రికి ఎల్ మొకాంబోలో ఏప్రిల్ వైన్ అనే కెనడా బ్యాండ్ కచేరీ ఉందని ప్రకటన. హాలిఫాక్స్‌లో పుట్టి మాంట్రియల్‌లో ఎదిగిన బ్యాండ్ అది, అప్పటికే కెనడాలో మంచి పేరున్నది. వాళ్లకు ముందు వాయించడానికి కాక్రోచెస్ అనే బృందం వస్తోందని కూడా ప్రకటించారు. అంటే బొద్దింకలు. అలాంటి పేరున్న బ్యాండ్ గురించి ఎవరూ వాకబు చేయరు. చమ్ రేడియో పెట్టిన పోటీలో గెలిచినవాళ్లతో కలిపి హాల్లో మూడు వందల మందికి మించి లేరు. బొద్దింకల పేరుతో స్టేజీ మీదికి వచ్చినవాళ్లు మిక్ జాగర్, కీత్ రిచర్డ్స్, చార్లీ వాట్స్, బిల్ వైమన్, రానీ వుడ్. రోలింగ్ స్టోన్స్. అంతకు ఆరు నెలల పైచిలుకు ముందు, 1976 ఆగస్టు 21న, ఇంగ్లండ్‌లోని నెబ్‌వర్త్ మైదానంలో లక్షకు పైగా జనం ముందు వాయించిన బ్యాండ్, ఇక్కడ చిన్న బల్లల దగ్గర బీరు గ్లాసులు పట్టుకు కూర్చున్న మూడు వందల మంది ముందు నిలబడింది.

ఈ కథను సాధారణంగా ఒకే తీరున చెబుతారు. ఎంతో పెద్దవాళ్లు ఎంతో చిన్న చోటికి దిగివచ్చారు, అభిమానులకు వరమిచ్చారు, క్లబ్ గోడలకు శాశ్వత కీర్తి ఇచ్చారు అని. దేవుడు మారువేషంలో పేదవాడి గుడిసెకు వచ్చిన కథల పక్కన దీన్నీ పెట్టేస్తారు. ఈ తీరు తప్పని నా వాదన. ఆ రెండు రాత్రుల్లో ఇచ్చింది గది, తీసుకున్నది బ్యాండ్. స్టేడియాలు కోల్పోయేలా చేసిన దాన్ని వెతుక్కుంటూ రోలింగ్ స్టోన్స్ ఆ చిన్న గదికి వచ్చారు. దొరికింది కనకనే తర్వాత ముప్పయ్యేళ్లపాటు మళ్లీ మళ్లీ అలాంటి గదుల తలుపు తట్టారు. ఇది ఊహతో అంటున్న మాట కాదు. వాళ్లు ఏం వాయించారో, దాన్ని ఏం చేశారో చూస్తే తెలుస్తుంది.

అదే సంవత్సరం సెప్టెంబరులో లవ్ యూ లైవ్ పేరుతో వాళ్ల జంట ఆల్బమ్ వచ్చింది. నాలుగు వైపులున్న ఆ రికార్డులో ఎక్కువ భాగం 1976లో పారిస్‌లో జరిగిన కచేరీలది. మూడో వైపు మాత్రం పూర్తిగా ఎల్ మొకాంబోది. అందులో నాలుగు పాటలు: మానిష్ బాయ్, క్రాకిన్ అప్, లిటిల్ రెడ్ రూస్టర్, అరౌండ్ అండ్ అరౌండ్. నాలుగింటిలో ఒక్కటీ జాగర్, రిచర్డ్స్ రాసింది కాదు. మొదటిది మడ్డీ వాటర్స్ పాట, రెండోది బో డిడ్లీ పాట, మూడోది విల్లీ డిక్సన్ రాయగా హౌలిన్ వుల్ఫ్ పాడింది, నాలుగోది చక్ బెర్రీది. అందరూ నల్లజాతి అమెరికన్లు. స్టోన్స్ ఇంగ్లండ్‌లో కుర్రవాళ్లుగా ఉన్నప్పుడు ఈ మనుషుల రికార్డులు అరగదీసి సంగీతం నేర్చుకున్నారు. బ్యాండ్ పేరు కూడా మడ్డీ వాటర్స్ పాటలోంచి తీసుకున్నదే. లిటిల్ రెడ్ రూస్టర్‌ను వాళ్లు పాడగా 1964 డిసెంబరులో అది బ్రిటన్‌లో మొదటి స్థానానికి చేరింది. అంత స్వచ్ఛమైన బ్లూస్ పాట అక్కడికి చేరడం ఆ రోజుల్లో పెద్ద వింత. పదేళ్లకు పైగా సొంత పాటలతో ప్రపంచాన్ని ఏలినవాళ్లు, చిన్న గదిలో అడుగుపెట్టగానే తమ గురువుల పాటలకు తిరిగి వెళ్లారు. ఆ రెండు రాత్రుల్లో సొంత పాటలూ వాయించారు. కానీ రికార్డు మీద లోకానికి చూపించడానికి ఏరుకున్నవి మాత్రం ఈ నాలుగే. అక్కడ తమకు దొరికిందేమిటో వాళ్లే చేసుకున్న తీర్పు అది.

ఎందుకలా జరిగిందో తెలియాలంటే గది పరిమాణం గురించి కొంచెం నిదానంగా ఆలోచించాలి. శబ్దం గాలిలో సెకనుకు సుమారు 340 మీటర్లు పోతుంది. స్టేడియంలో వంద మీటర్ల దూరాన కూర్చున్నవాడికి డ్రమ్ మీద కర్ర పడటం కంటికి కనిపించాక, సెకనులో మూడో వంతుకు కాస్త తక్కువ సమయానికి గాని దెబ్బ చెవికి చేరదు. మధ్యలో స్తంభాలకు కట్టిన స్పీకర్లు ఆ శబ్దాన్ని కొలత ప్రకారం ఆలస్యం చేసి మళ్లీ వినిపిస్తాయి. శ్రోతకు అందేది వాద్యం కాదు, వాద్యం గురించి యంత్రం పంపిన వార్త. వాయించేవాడి పరిస్థితీ అంతే. తన పక్కవాడు పది పదిహేను మీటర్ల అవతల ఉంటాడు, తన కాళ్ల దగ్గరున్న మానిటర్ చెబితే తప్ప అతనేం వాయిస్తున్నాడో తెలియదు. చిన్న గదిలో ఈ మధ్యవర్తులు సగం తప్పుకుంటారు. గిటార్ మోత గిటార్ వెనకున్న ఆంప్లిఫయర్ నుంచే సూటిగా వస్తుంది. డ్రమ్స్‌కు మైకు లేకపోయినా వినిపిస్తుంది. బేస్ గిటార్ చెవితోపాటు కుర్చీలోంచి, చెక్క నేలలోంచి ఒంటికి తెలుస్తుంది.

రోలింగ్ స్టోన్స్ విషయంలో ఈ దూరం మామూలు కంటే ఎక్కువ నష్టం చేస్తుంది. చాలా బ్యాండ్‌లలో అందరూ డ్రమ్మర్ వెంట నడుస్తారు. ఇక్కడ డ్రమ్మర్ చార్లీ వాట్స్ కీత్ రిచర్డ్స్ గిటార్‌ను అనుసరించేవాడు. గిటార్‌కు రవ్వంత వెనక డ్రమ్, రవ్వంత ముందు బేస్. ఈ సన్నటి సందులోనే వాళ్ల పాటకు ఊపు పుడుతుంది. చార్లీ వాట్స్ చేతులను దగ్గరనుంచి చూస్తే ఇంకో సంగతి బోధపడుతుంది. మామూలుగా డ్రమ్మర్ కుడిచేత్తో హై-హ్యాట్ మీద, అంటే జంట తాళాల్లాంటి కంచు పళ్లేల మీద, ఎడతెగకుండా కొడుతూ, రెండో దెబ్బకూ నాలుగో దెబ్బకూ ఎడమచేత్తో స్నేర్ డ్రమ్ మీద వేస్తాడు. వాట్స్ స్నేర్ మీద దెబ్బ పడే ఆ క్షణంలో కుడిచేతిని హై-హ్యాట్ మీదినుంచి పైకి ఎత్తేసేవాడు. పళ్లేలు ఒక్క క్షణం మూగబోయి, స్నేర్ దెబ్బ ఒంటరిగా వినిపించేది. మణికట్టు చిన్నగా ఎగిరి ఆగినట్టుండే ఆ కదలిక లక్షమంది మైదానంలో ఎవరికి కనిపిస్తుంది? పక్కనున్న గిటారిస్టులకైనా కనిపించాలంటే వాళ్లు ఒక చాప మీద కూర్చున్నంత దగ్గరగా ఉండాలి. ఎల్ మొకాంబో స్టేజీ వాళ్లను అంత దగ్గరికి చేర్చింది. ఆ రికార్డు మూడో వైపుకూ మిగతా మూడు వైపులకూ ఉన్న తేడా నాకు వినిపించేది ఇక్కడే. పారిస్‌లో పాటలు పరుగెత్తుతాయి. టొరంటోలో పాటలు నడుస్తాయి, ఆగి చుట్టూ చూస్తాయి, మళ్లీ కదులుతాయి.

హరికథ ఎరిగినవాళ్లకు దీన్ని విడమరచి చెప్పనక్కరలేదు. గుడి మండపంలో రెండు వందల మంది ముందు కథ చెప్పే దాసుగారికి ఎవరు కునుకు తీస్తున్నారో, ఏ మూల పిల్లలు గోల చేస్తున్నారో కంటికి కనిపిస్తుంది. వెంటనే ఒక పిట్టకథ వేస్తారు, చిరతల జోరు పెంచుతారు, ముందు వరుసలో ఉన్న పెద్దాయనను పేరుపెట్టి పిలుస్తారు. మంచి దాసుగారి కథ ప్రతి ఊళ్లోనూ కొంత మారేది అందుకే. శ్రోతల ముఖాలు కనిపించని చోట ఈ దిద్దుబాటు ఉండదు. నెబ్‌వర్త్ స్టేజీ మీదినుంచి చూస్తే కనిపించేది మనుషులు కారు, ఒక సముద్రం. సముద్రం నచ్చిందో లేదో చెప్పదు, ఎప్పుడూ హోరెత్తుతూనే ఉంటుంది. ఏళ్ల తరబడి ఆ హోరు ముందే వాయించిన కళాకారుడికి తను బాగా వాయించిన రాత్రికీ, ఏదో గడిపేసిన రాత్రికీ తేడా చెప్పేవాడు ఎవడూ మిగలడు.

ఇక ముందు వాయించే బ్యాండ్‌గా ప్రకటించుకోవడం గురించి. ఓపెనింగ్ బ్యాండ్ అంటే సంగీత వ్యాపారంలో అన్నిటికంటే కింది మెట్టు. జనం ఇంకా వస్తుంటారు, కూర్చునే చోటు వెతుక్కుంటుంటారు, గ్లాసులు నింపుకుంటుంటారు. డబ్బిచ్చి వచ్చింది వీళ్ల కోసం కాదు. కనక వీళ్లను వినాలన్న బాకీ ఎవరికీ లేదు. వినిపించుకోవడం వీళ్ల బాధ్యత. స్టోన్స్‌కు ఈ మెట్టు కొత్త కాదు, వాళ్ల పుట్టుకే అక్కడ. 1962 జూలై 12న లండన్ ఆక్స్‌ఫర్డ్ వీధిలోని మార్కీ క్లబ్‌లో వాళ్లు ఆ పేరుతో తొలిసారి వాయించింది ఇంకొకరి ఖాళీలో. ప్రతి గురువారం అక్కడ వాయించే అలెక్సిస్ కోర్నర్ బృందానికి ఆ రోజు బి.బి.సి. రేడియోలో కార్యక్రమం పడింది, ఆ ఖాళీలో ఈ కుర్రవాళ్లకు చోటు దొరికింది. ఆ తర్వాత ఈలింగ్ క్లబ్, రిచ్‌మండ్‌లో స్టేషన్ హోటల్ వెనక గదిలో నడిచిన క్రాడాడీ క్లబ్. చెమటతో గోడలు తడిసే గదులవి. పదిహేనేళ్ల తర్వాత టొరంటోలో ఒక ప్రకటన మీద తమ పేరు దాచి, ఇంకొకరి పేరు కింద రెండో వరసలో నిలబడటం వాళ్ల మొదటి గురువారానికి తిరిగి వెళ్లడమే.

దీనికి వెంటనే వచ్చే అభ్యంతరం ఒకటుంది. ఇదంతా లెక్క ప్రకారం చేసిన పని, దీనికి భక్తి రంగు పూయకండి అంటారు. రికార్డింగ్ పరికరాలు ముందే సిద్ధంగా ఉన్నాయి. ఆల్బమ్‌కు సరుకు కావాలి. పైగా ఆ వారం బ్యాండ్ చిక్కుల్లో ఉంది. ఫిబ్రవరి 27న హార్బర్ కాజిల్ హోటల్‌లో కెనడా పోలీసులు కీత్ రిచర్డ్స్ గదిలో హెరాయిన్ పట్టుకున్నారు. అమ్మకానికి దాచాడన్న ఆరోపణ రుజువైతే యావజ్జీవ శిక్ష దాకా పడవచ్చు. ప్రధాని పియర్ ట్రూడో భార్య మార్గరెట్ ట్రూడో శుక్రవారం రాత్రి క్లబ్‌కు రావడంతో పత్రికలు సంగీతాన్ని వదిలేసి ఆ సంగతే రోజుల తరబడి రాశాయి. ఈ గొడవలో నిజాయితీ ఎక్కడ వెతుకుతారు అని ప్రశ్న.

లెక్క ఉందన్న మాట నిజం. దాన్ని కాదనడం లేదు. కానీ ఆ లెక్కనే కాస్త లోతుగా చూడండి. పారిస్ కచేరీల టేపులు చేతిలో ఉన్నాయి. జంట ఆల్బమ్ నింపడానికి అవి చాలు. అయినా అట్లాంటిక్ దాటి, మార్చి చలిలో, దొంగ పేరుతో మూడు వందల మంది పట్టే గదికి రావడం అంటే ఆ టేపుల్లో ఏదో లోటు వాళ్లకే వినిపించిందన్న మాట. వ్యాపారం తెలిసినవాడు అవసరం లేనిదానికి ఖర్చు పెట్టడు. లెక్క వేసుకుని వచ్చారంటే ఆ గది విలువ వాళ్లు లెక్కగట్టారనే అర్థం. ఇక కీత్ కేసు సంగతి. జైలు ఖాయమేమో, బ్యాండ్ ఇంతటితో ముగుస్తుందేమో అన్న భయం తల మీద వేలాడుతున్న వారంలో ఐదుగురు మనుషులు చేయి చాస్తే అందేంత దగ్గరగా నిలబడి, చిన్నప్పుడు నేర్చుకున్న పాటలు వాయించారు. ఆ భయం వాళ్ల వాయింపుకు బలమే ఇచ్చిందని ఆ రికార్డు విన్నవారికి తెలుస్తుంది. 1978 అక్టోబరులో న్యాయమూర్తి కీత్‌ను జైలుకు పంపలేదు, అంధుల కోసం ఉచితంగా కచేరీ చేయమన్నారు. 1979 ఏప్రిల్ 22న టొరంటోకు తూర్పున ఉన్న ఒషావా పట్టణంలో అది జరిగింది.

రెండో అభ్యంతరం దీనికంటే గట్టిది. మారుపేరు పెట్టుకున్నంత మాత్రాన అది పరీక్ష ఎలా అవుతుంది? జాగర్ ముఖం కనిపించిన మొదటి క్షణంలోనే హాలు కేకలతో నిండిపోతుంది. నిజంగా అనామకులైన కుర్రవాళ్లకు ఉండే భయం వీళ్లకు లేదు. ఓడిపోవడానికి వీల్లేని పోటీలో గెలుపేమిటి? ఈ వాదనలో సగం నేను ఒప్పుకుంటాను. స్టోన్స్ ఎన్ని పేర్లు మార్చుకున్నా 1962 నాటి అనామకత్వం తిరిగి రాదు. కానీ చిన్న గది పెట్టే పరీక్ష పేరుకు సంబంధించింది కాదు, దూరానికి సంబంధించింది. కేకలు మొదటి పాట దాకానే. ఆ తర్వాత మూడు అడుగుల దూరంలో ఉన్న శ్రోత వేళ్ల వంక చూస్తాడు. అక్కడ దీపాల గారడీ లేదు, గాలి నింపిన భారీ బొమ్మలు లేవు, తప్పును కప్పిపెట్టే ప్రతిధ్వని లేదు. తప్పు స్వరం తప్పు స్వరంగానే వినిపిస్తుంది. వాళ్లు అప్పటికి విడుదల చేయని వరీడ్ అబౌట్ యూ అనే పాటను ఆ క్లబ్‌లో వాయించారు. నాలుగేళ్ల తర్వాత, 1981లో టాటూ యూ ఆల్బమ్‌లో గాని అది లోకానికి అందలేదు. ఇంకా తడి ఆరని పాటను జనం ముందు పెట్టడం అంటే తీర్పు అడగడమే. స్టేడియంలో అలాంటి పాట మొదలుపెడితే జనం లేచి బయటికి నడుస్తారు, అది పాట గురించి ఏమీ చెప్పదు. చిన్న గదిలో నిశ్శబ్దం కూడా ఏదో చెబుతుంది.

ఇది ఒక్కసారి చేసిన సరదా అయితే నా వాదనకు అంత బలం ఉండేది కాదు. వాళ్లు దీన్ని అలవాటుగా మార్చుకున్నారు. 1981 సెప్టెంబరు 14న అమెరికాలోని వూస్టర్ పట్టణంలో సర్ మోర్గన్స్ కోవ్ అనే చిన్న క్లబ్‌లో లిటిల్ బాయ్ బ్లూ అండ్ ద కాక్రోచెస్ అనే పేరుతో వాయించారు. అందులో బొద్దింకలు టొరంటోనుంచి వచ్చాయి. లిటిల్ బాయ్ బ్లూ మాత్రం ఇంకా వెనకటిది, స్టోన్స్ పుట్టకముందు కుర్ర జాగర్ స్నేహితులతో ఇంట్లో పెట్టుకున్న బృందం పేరులోది. పదకొండు రోజుల తర్వాత ఫిలడెల్ఫియాలోని జె.ఎఫ్.కె. స్టేడియంలో వాళ్ల పెద్ద యాత్ర మొదలైంది. 1990లలోనూ ఆ తర్వాతా పెద్ద యాత్రలకు ముందు సాధన చేయడానికి టొరంటోనే ఎంచుకున్నారు. ప్రతిసారీ స్టేడియంలో కాలు పెట్టేముందు ఇక్కడే ఒక చిన్న చోట వాయించారు. 1994 జూలైలో ఆర్.పి.ఎం. క్లబ్, 1997 సెప్టెంబరు 4న హార్స్‌షూ టావర్న్, 2002 ఆగస్టులో సరస్సు ఒడ్డున ఉన్న పాలే రాయల్ నాట్యశాల, 2005 ఆగస్టులో ఫీనిక్స్. ఇన్నిసార్లు జరిగినదాన్ని ప్రచారం అని కొట్టిపారేయలేం. లక్షల టికెట్లు ముందే అమ్ముడయ్యే బ్యాండ్‌కు మూడు వందల మందితో వచ్చే ప్రచారం ఏపాటిది? పందేనికి వెళ్లేముందు వస్తాదు మట్టిగోదాలో దిగినట్టు, కచేరీకి ముందు విద్వాంసుడు తంబుర శ్రుతి సరిచూసుకున్నట్టు, ఇది వాళ్లు తమకోసం చేసుకున్న పని. ఇదే టొరంటోలో, డౌన్స్‌వ్యూ పార్కులో, 2003 జూలై 30న 4,50,000 మంది వచ్చారని అంచనా వేసిన సభలోనూ వాళ్లు వాయించారు. సార్స్ వ్యాధితో కుదేలైన ఊరికి ధైర్యం చెప్పడానికి జరిగిన ఆ సభ గొప్పదే, దాని ప్రయోజనం వేరు. ఊరంతా ఒకచోట చేరడానికి మైదానం కావాలి. సంగీతం తనను తాను సరిచూసుకోవడానికి గది కావాలి.

మూడు వందల మందికే దక్కినదాన్ని ఇంతగా పొగడటం న్యాయమా అని అడగవచ్చు. టికెట్ కొనే స్తోమత లేకపోయినా మైదానం చివర నిలబడి వినేవాడికి ఆ రాత్రి దొరకలేదు కదా. ఈ బాధ నాకు అర్థమవుతుంది. చాలా కాలం ఆ నాలుగు పాటలు తప్ప లోకానికి ఏమీ అందలేదు. 45 ఏళ్ల తర్వాత, 2022 మేలో, శనివారం నాటి కచేరీ మొత్తం, శుక్రవారం నాటి మూడు పాటలతో కలిపి ఆల్బమ్‌గా విడుదలైంది. ఇప్పుడు ఎవరైనా వినవచ్చు. కానీ ఈ ప్రశ్నకు అసలైన జవాబు ఆల్బమ్ కాదు. చిన్న గదిలో చోటు తక్కువ అన్న ఫిర్యాదుకు మందు పెద్ద గది కాదు, ఎక్కువ చిన్న గదులు. ఊళ్లో అలాంటివి ముప్పై ఉంటే ప్రతి రాత్రీ కొన్ని వేలమంది వాద్యాన్ని వాద్యంగా వింటారు. ఒక్కటే మిగిలితే అది మూడు వందల మంది అదృష్టవంతుల గది అవుతుంది. కొరత తప్పు గదిది కాదు.

ఆ గదులు ఎలా బతుకుతున్నాయో చూస్తే ఎవరు ఎవరికి బాకీ ఉన్నారో ఇంకా స్పష్టమవుతుంది. ఎల్ మొకాంబో 1940ల చివరినుంచి ఉన్నది. మడ్డీ వాటర్స్ స్వయంగా అక్కడ వాయించాడు. అంటే స్టోన్స్ తమ గురువు పాట పాడిన ఆ ఇల్లు గురువు నడిచిన ఇల్లే. 1978లో ఎల్విస్ కాస్టెలో, 1980లో అప్పటికి ఇంకా పేరు రాని యూ2, 1983లో స్టీవీ రే వాన్ అక్కడ వాయించారు. ఇంత చరిత్ర ఉన్నా 2014లో ఆ క్లబ్ మూతపడే స్థితికి వచ్చింది. రోలింగ్ స్టోన్స్ వచ్చిన చోటు అన్న కీర్తి 37 ఏళ్లలో దానికి అద్దె కట్టలేకపోయింది. కట్టలేదు కూడా. ఎందుకంటే క్లబ్ బతికేది రెండు మహత్తర రాత్రుల మీద కాదు, మిగతా మామూలు రాత్రుల మీద. పేరు తెలియని నలుగురు కుర్రవాళ్లు వాయిస్తుంటే పాతికమంది వచ్చి కూర్చునే మంగళవారాల మీద. చివరి ఘడియలో మైకేల్ వెకర్లీ అనే పెట్టుబడిదారు దాన్ని కొని, ఏళ్లపాటు భారీగా డబ్బు పోసి తిరిగి కట్టించాడు. నియాన్ చెట్టును కొత్తగా చేయించి 2018లో మళ్లీ వెలిగించాడు. ఒక ధనికుడి ప్రేమ వల్ల ఒక గది నిలబడింది, సంతోషం. అలాంటి ధనికుడు దొరకని గదుల సంగతి ఆ వీధుల్లో నడిచేవాడికి బోర్డులు మారిన భవనాలు చెబుతాయి.

ఏప్రిల్ వైన్ మాట కూడా చెప్పకుండా ముగించడం న్యాయం కాదు. ఆ ప్రకటన మీద పెద్ద అక్షరాల్లో ఉన్నది వాళ్ల పేరు. ఆ రెండు రాత్రుల గురించి రాసే ప్రతివాళ్లూ వాళ్లను ముసుగుగా, తెరగా, స్టోన్స్ దాక్కున్న గోడగా చూపిస్తారు. వాళ్లు గోడ కారు. ఆ వేదిక మీదే తమ కచేరీ రికార్డు చేసి, అదే సంవత్సరం లైవ్ ఎట్ ద ఎల్ మొకాంబో పేరుతో ఆల్బమ్ తెచ్చారు. ప్రపంచంలోకెల్లా పేరున్న బ్యాండ్ పక్కన నిలబడి, దాని నీడ తమ మీద పడుతుందని తెలిసీ, వాయించవలసింది వాయించారు. అలాంటి బ్యాండ్‌లు ఏడాది పొడవునా దీపం వెలిగించి ఉంచబట్టే ఆ రాత్రి స్టోన్స్ వచ్చి నిలబడటానికి ఒక వేదిక, తెరిచిన తలుపు, వినడం తెలిసిన జనం ఉన్నారు.

టొరంటో వెళ్లే తెలుగువాళ్లకు, అక్కడే ఉంటున్నవాళ్లకు నా విన్నపం ఒకటే. ఒక సాయంత్రం 510 స్ట్రీట్‌కార్ ఎక్కి స్పడైనా వీధిలో దిగండి. హార్స్‌షూలోనో, ఎల్ మొకాంబోలోనో ఆ రాత్రి ఎవరు వాయిస్తున్నారో కనుక్కుని టికెట్ కొనండి. పేరు తెలియనివాళ్లయినా ఫరవాలేదు. పెద్ద పేరున్న బ్యాండ్ వచ్చే వేళకు కాకుండా, మొదటి బ్యాండ్ మొదలుపెట్టే వేళకే లోపలికి వెళ్లి ముందు కూర్చోండి, వాళ్లకు చప్పట్లు కొట్టండి.